లారీ హోమ్స్‌కు ఇంత చిన్న పీట ఎందుకు?

ఎడమచేతి_జాబ్
నిన్న బాక్సింగ్‌లో అన్నిటికన్నా బరువైన విభాగం, హెవీవెయిట్ చరిత్ర మీద గంటన్నర కార్యక్రమం ఒకటి చూశాను. ముహమ్మద్ అలీకి సగం, మైక్ టైసన్‌కు మిగతా సగం. వాళ్ళిద్దరి నడుమ ఏడేళ్ళు ఛాంపియన్‌గా ఉన్న లారీ హోమ్స్‌కు దక్కినవి రెండే దృశ్యాలు. ఒకదానిలో అలసిపోయిన అలీని కొడుతున్నాడు, రెండోదానిలో టైసన్ చేతిలో పడిపోతున్నాడు. కార్యక్రమం చూసినవాళ్ళకు ఇతడు విలనో, బలిపశువో కూడా అర్థమై ఉండదు.
1978 జూన్‌లో కెన్ నార్టన్‌ను ఓడించి, ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంఘాల్లో ఒకటైన డబ్ల్యూబీసీ బెల్టు గెలిచాడు. 1985 సెప్టెంబరు దాకా ఎవరికీ లొంగలేదు. వరుసగా 48 విజయాలు. టైటిల్ నిలబెట్టుకున్నది 20 సార్లు. అప్పటికి హెవీవెయిట్‌లో అంతకన్నా ఎక్కువసార్లు నిలబెట్టుకున్నవాడు జో లూయీ ఒక్కడే, 25 సార్లు. నా లెక్కలో హోమ్స్ చరిత్రలోని మొదటి ఐదుగురిలో ఉంటాడు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి. ‘చూడటానికి బాగుండడు’ అనేది కారణం కాదు.

మూడో_జడ్జీ
చూడటానికి బాగుండడు.

ఎడమచేతి_జాబ్
ఇలాంటివాడు ఒకడు వస్తాడని తెలుసు.

స్కోరుపుస్తకం
20 అనే అంకె దగ్గరే నాకు పేచీ ఉంది. 1983 నవంబరులో జో ఫ్రేజియర్ కొడుకు మార్విస్‌తో జరిగిన పోటీకి డబ్ల్యూబీసీ టైటిల్ గుర్తింపు ఇవ్వలేదు. అప్పటికి ఆ కుర్రవాడు ఆడినవి పదే పోటీలు. కాబట్టి 19 అనండి.

పాతరీలు
స్కోరుపుస్తకం గారు పెళ్ళికి వెళ్ళి విస్తళ్ళు లెక్కపెట్టే రకం. 19 అయితే మాత్రం రెండో స్థానం మారిందా?

స్కోరుపుస్తకం
మారలేదు. లెక్క మాత్రం సరిగ్గా ఉండాలి.

తెల్లతువ్వాలు
నేను కారణం చెబుతాను. ఒకటి కాదు, చాలా ఉన్నాయి.
మొదట ఆ బెల్టు సంగతి. 1978లో అలీని ఓడించి అసలు ఛాంపియన్ అయినవాడు లియాన్ స్పింక్స్. అతడు నార్టన్‌తో కాకుండా అలీతోనే మళ్ళీ ఆడతానన్నందుకు డబ్ల్యూబీసీ అతడి బెల్టు లాగేసుకుంది. అంతకుముందు సంవత్సరం జిమ్మీ యంగ్ మీద నార్టన్ గెలిచిన పోటీని గుర్తుచేసుకుని, బెల్టు నార్టన్‌కు కట్టబెట్టింది. అంటే నార్టన్ రింగులో ఛాంపియన్ కాలేదు, కాగితం మీద అయ్యాడు. అతడి దగ్గర హోమ్స్ గెలిచింది ఆ కాగితమే.
తరువాత ఏడేళ్ళలో రెండో సంఘం డబ్ల్యూబీఏ ఛాంపియన్లు ఎందరో మారారు. జాన్ టేట్, మైక్ వీవర్, మైఖేల్ డోక్స్, గెరీ కోట్జీ. వీళ్ళలో ఎవరైనా ఆ బెల్టుతో ఉన్నప్పుడు హోమ్స్ ఎదురుపడ్డాడా? ఒక్కసారి కూడా లేదు. రెండు బెల్టులూ ఒకచోటికి చేర్చనివాడు మొదటి ఐదుగురిలో ఎలా ఉంటాడు?
ఇక జానోన్, ఒకాసియో, స్కాట్ ఫ్రాంక్ లాంటి ప్రత్యర్థుల పేర్లు చెబితే ఇక్కడ ఎంతమంది గుర్తుపడతారు?

ఎడమచేతి_జాబ్
బలహీనులు ఉన్నారు, ఒప్పుకుంటాను. 20 సార్లు ఆడితే ఇరవైమందీ సింహాలే ఉండరు. లూయీ జాబితా తీసి చూడండి, అక్కడా బలహీనులు కనిపిస్తారు.
డబ్ల్యూబీఏ మాట మాత్రం తిరగేసి చూడాలి. వీవర్‌ను హోమ్స్ 1979 జూన్‌లో 12వ రౌండులో ఆపాడు. ఆ వీవరే 1980 మార్చిలో టేట్‌ను పడగొట్టి డబ్ల్యూబీఏ ఛాంపియన్ అయ్యాడు. ట్రెవర్ బెర్బిక్‌ను హోమ్స్ 1981లో 15 రౌండ్లూ ఆడి ఓడించాడు. బెర్బిక్ 1986లో డబ్ల్యూబీసీ ఛాంపియన్. టిమ్ విదర్‌స్పూన్‌ను 1983లో ఓడించాడు, మరుసటి సంవత్సరం అతడూ ఛాంపియన్. బోన్‌క్రషర్ స్మిత్‌ను 1984లో ఆపాడు, 1986 డిసెంబరులో అతడి నడుముకీ బెల్టు వచ్చింది. హోమ్స్ చేతిలో ఓడినవాళ్ళు పక్క వీధికి వెళ్ళి రాజులయ్యారు. వాళ్ళు కాగితం రాజులా, హోమ్సా?

పాతరీలు
ఇది బాగుంది. ఇంతకాలంగా బాక్సింగ్ చూస్తున్నాను, ఈ నలుగురినీ ఒక వరుసలో పెట్టి చూడలేదు.

తెల్లతువ్వాలు
వరుస బాగుంది కానీ విదర్‌స్పూన్ పోటీ పూర్తిగా చూశారా? 12 రౌండ్లు, జడ్జీలు చీలిపోయి ఇచ్చిన తీర్పు. తొమ్మిదో రౌండులో హోమ్స్ కాళ్ళు వణికాయి. విదర్‌స్పూన్‌కు అది పదహారో పోటీనే. అతడే గెలిచాడని ఇప్పటికీ అనేవాళ్ళు ఉన్నారు. 1985లో కార్ల్ విలియమ్స్‌తో ఆడిన 15 రౌండ్ల పోటీ అయితే మరీనూ. ఆ రాత్రి హోమ్స్ ముఖం చూస్తే గెలిచినవాడి ముఖంలా లేదు.

ఎడమచేతి_జాబ్
విలియమ్స్ పోటీ నాకూ ఇబ్బందే. రెండుసార్లు స్కోరు వేశాను, రెండుసార్లూ విలియమ్స్ ఒక రౌండు ముందున్నాడు. అక్కడ వాదించను.

మూడో_జడ్జీ
చరిత్రలో మొదటిసారి! ఒక చర్చలో మనిషి ‘వాదించను’ అన్నాడు. గంట కొట్టండి.

నీలిమూల
కాలేజీలో మూడేళ్ళు బాక్సింగ్ చేశాను. రెండే పోటీలు ఆడాను, రెండూ ఓడాను, కాబట్టి నా మాటకు ఆ మేరకే విలువ ఇవ్వండి. మా కోచ్ మొదటి రెండు నెలలు కుడిచెయ్యి వాడనివ్వలేదు. ఎడమ జాబ్ ఒక్కటే, అంటే ముందు చేత్తో నేరుగా విసిరే దెబ్బ. విసుగు పుట్టి ‘ఎన్నాళ్ళు ఇలా’ అని అడిగితే పాత టేపు ఒకటి పెట్టి కూర్చోబెట్టాడు. హోమ్స్, నార్టన్ల పోటీ.
హోమ్స్ జాబ్ తాకి చూసేది కాదు, నిజంగా కొట్టే దెబ్బ. ముందు కాలు నేల మీద పడే క్షణానికి పిడికిలి అక్కడ ఉంటుంది. వెంటనే రెండోది. ఎదుటివాడు కుడిచెయ్యి ఎత్తుదామనుకునేలోపు తల వెనక్కి పోతుంది. ప్రతి రౌండూ ముప్పై నలభైసార్లు ఇదే జరిగితే బలవంతుడైనా తన ఆట మరిచిపోతాడు. ఆ నార్టన్ పోటీకి కొద్ది రోజుల ముందే హోమ్స్ ఎడమచేతికి గాయమైంది. ఆ చేత్తోనే అంతసేపు ఆడాడు.
‘చూడటానికి బాగుండడు’ అన్నవారికి ఒక మాట. జాబ్ ఒకసారి ముక్కు మీద తిన్నాక చూడండి, చాలా అందంగా కనిపిస్తుంది.

మూడో_జడ్జీ
నా ముక్కు నాకు ముద్దు. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రిపక్షి
నీలిమూల గారి మాటకు ఒక చేర్పు. ఆ జాబ్‌లోనే అతడి లోపం కూడా ఉంది. ఎడమచెయ్యి కాస్త కిందనుంచి బయలుదేరేది, ఒక్కోసారి తిరిగి వచ్చేటప్పుడు కిందనే ఆగేది. ఆ సందులోంచి కుడిచెయ్యి దిగేది. 1979లో ఎర్నీ షేవర్స్ ఏడో రౌండులో పడగొట్టింది కుడిచేత్తోనే. 1981లో రెనాల్డో స్నైప్స్, అదీ ఏడో రౌండే, అదే చెయ్యి.
అయితే ఇద్దరి మీదా లేచి గెలిచాడు. ఇద్దరినీ 11వ రౌండులోనే ఆపాడు. షేవర్స్ దెబ్బ అంటే మాటలు కాదు. ఆ కాలంలో అంత బరువైన కుడిచెయ్యి మరొకరికి లేదని అతడితో ఆడినవాళ్ళే అనేవారు. అది నేరుగా తగిలి, వెల్లకిలా పడి, లేచి, ఆ మూడు నిమిషాలూ గడిపి, మరో నాలుగు రౌండ్ల తరువాత గెలవడం! నన్ను అడిగితే హోమ్స్ గొప్పతనానికి ఆ ఒక్క రౌండే చాలు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలదా?

కొత్తప్రేక్షకుడు
నాకు ఇదంతా కొత్త. టైసన్ పోటీలతో మొదలుపెట్టి వెనక్కి వెళుతున్నాను. హోమ్స్ మీద జనానికి ఎందుకు కోపం? ఇన్ని గెలిచినవాడిని ఎవరైనా ఇష్టపడాలి కదా?

పాతరీలు
ఒక్క మాటలో చెప్పాలంటే అలీ.
కొంచెం పెద్దగా చెబుతాను. హోమ్స్ పుట్టింది జార్జియాలోని కత్‌బర్ట్‌లో, పెరిగింది పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో. పదమూడేళ్ళకు బడి మానేసి కార్లు కడిగే చోట పనికి చేరాడు. బాక్సింగ్‌లోకి వచ్చాక అలీ శిబిరంలో స్పారింగ్ భాగస్వామి. అంటే అలీ సాధనకు దెబ్బలు తినే కొలువు. అలీ కొట్టిన దెబ్బకు కన్ను నల్లబడితే, మంచుగడ్డ పెట్టించుకోకుండా అందరికీ చూపించుకుంటూ తిరిగాడట. అంత అభిమానం.
అలాంటివాడు 1980 అక్టోబరు 2న లాస్ వెగాస్‌లో అదే అలీ ఎదుట నిలబడ్డాడు. అలీకి 38 ఏళ్ళు. రెండేళ్ళుగా రింగు ముఖం చూడలేదు. బరువు తగ్గి బయటికి నాజూకుగా కనిపించాడు కానీ, వాడిన థైరాయిడ్ మందు లోపల అతడిని తినేసింది. పది రౌండ్లు జరిగితే ముగ్గురు జడ్జీలూ పదింటికి పదీ హోమ్స్‌కే ఇచ్చారు. చివరికి మూలలో ఉన్న అలీ శిక్షకుడు ఏంజెలో డండీ ఆపేశాడు. అలీ జీవితంలో గడువుకు ముందే ఆగిపోయిన పోటీ అదొక్కటే.
ఓడితే ముసలివాడి చేతిలో ఓడిన పనికిరానివాడు. గెలిస్తే దేవుడిని కొట్టిన పాపి. హోమ్స్‌కు మూడో దారి లేదు. పోటీ అయ్యాక అలీ దగ్గరికి వెళ్ళి ఏడ్చాడు. ఆ కన్నీళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎడమచేతి_జాబ్
నేను మొదట చెప్పిన కార్యక్రమంలో సరిగ్గా ఆ ఏడుపునే కత్తిరించారు.

తెల్లతువ్వాలు
కథ కరుణరసంగా ఉంది. కానీ ఆ పోటీకి ఒప్పుకున్నది, కోట్లు తీసుకున్నది హోమ్సే కదా?

రాత్రిపక్షి
తీసుకున్నాడు. అలీ కూడా తీసుకున్నాడు. అలీకి ఒప్పుకున్న మొత్తంలో పది లక్షల డాలర్లకు పైగా తగ్గించి ఇచ్చారని ప్రమోటర్ డాన్ కింగ్ మీద దావా కూడా వేశాడు. ఆ పోటీ జరగనివ్వకుండా ఉండాల్సింది అనుమతి ఇచ్చే సంఘం. హోమ్స్ ఒక్కడినీ బోనులో నిలబెట్టడం ఏం న్యాయం?

గంటకొట్టు
అలీ సరే, గెరీ కూనీ సంగతి ఎవరూ ఎత్తరేం? నా దృష్టిలో హోమ్స్‌ను అర్థం చేసుకోవడానికి అది చూడాలి. 1982 జూన్. కూనీ తెల్లవాడు, హోమ్స్ నల్లవాడు. కూనీకి ఎడమ హుక్, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే దెబ్బ, ఉంది కానీ పెద్దగా అనుభవం లేదు. ప్రచారమంతా రంగు చుట్టూ తిరిగింది. ఇద్దరికీ సమానమైన సొమ్ము. అసలు ఛాంపియన్ పేరు చివర పిలవడం రింగు ఆచారం. ఆ రాత్రి హోమ్స్ పేరు ముందు పిలిచారు! సొంత బెల్టు నడుముకు ఉన్నవాడు సొంత ఇంట్లో అతిథి అయ్యాడు.
హోమ్స్ ఏం చేశాడు? రెండో రౌండులో పడగొట్టాడు, పదమూడో రౌండులో ముగించాడు. అంతకాలం విషం కక్కిన ప్రచారం తరువాత కూడా కూనీతో మంచిగానే ఉన్నాడు, ఇద్దరూ తరువాత స్నేహితులయ్యారు.

స్కోరుపుస్తకం
గంటకొట్టు గారూ, ఆ పోటీలో కూనీకి నడుము కింద కొట్టినందుకు మూడు పాయింట్లు కోశారు. ఆ మూడూ కోయకపోతే 12 రౌండ్ల తరువాత ఇద్దరు జడ్జీల దగ్గర కూనీయే ముందు. అందరూ అనుకునేంత ఏకపక్షం కాదు.

నీలిమూల
నడుము కింద దెబ్బ తిన్నవాడికి ఆ మూడు పాయింట్లు చాలా తక్కువ పరిహారం.

గంటకొట్టు
ఏకపక్షం కావాలంటే అదే సంవత్సరం నవంబరులో టెక్స్ కాబ్‌తో జరిగింది చూడండి. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 15 రౌండ్లు. కాబ్ ముఖం హోమ్స్‌కు సాధనలో గుద్దే సంచిలా మారింది, అయినా కింద పడలేదు. అది చూడలేక హవార్డ్ కోసెల్ ఇక ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు వ్యాఖ్యానం చెప్పనని మానేశాడు. కోసెల్‌ను ఫుట్‌బాల్ ప్రసారాలనుంచి కూడా తప్పిస్తామంటే మళ్ళీ ఆడటానికి సిద్ధమని కాబ్ జోకు వేశాడు.

మూడో_జడ్జీ
ఈ చర్చలో నాకు నచ్చిన మొదటి బాక్సర్ కాబ్.

తెల్లతువ్వాలు
అసలు విషయం దాటవేస్తున్నారు. 1983 చివర్లో డబ్ల్యూబీసీ గ్రెగ్ పేజ్‌తో ఆడమంటే బెల్టు వదిలేసి, అప్పుడే పుట్టిన ఐబీఎఫ్ అనే మరో సంఘం బెల్టు కట్టుకున్నాడు. పేజ్‌తో ఆడలేదు, పింక్లన్ థామస్‌తో ఆడలేదు. 1984లో కోట్జీతో ఒప్పందం కుదిరి డబ్బు దగ్గర తప్పిపోయింది. చివరి రెండేళ్ళలో ప్రమాదం ఉన్న ప్రతి తలుపూ మూసి ఉంది.
మొదటి ఐదుగురిలో పెట్టాలంటే ఆ తలుపుల్లో ఒకటైనా తెరవాలి.

ఎడమచేతి_జాబ్
పేజ్ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. ఆడాల్సింది. కానీ భయపడ్డాడంటే మాత్రం నమ్మను. ఆ పేజ్‌ను 1984 మార్చిలో ఓడించి ఖాళీగా ఉన్న డబ్ల్యూబీసీ బెల్టు పట్టుకెళ్ళింది ఎవరు? విదర్‌స్పూన్. విదర్‌స్పూన్‌ను అంతకు పది నెలల ముందు ఓడించింది ఎవరు?

తెల్లతువ్వాలు
చీలిన తీర్పుతో.

ఎడమచేతి_జాబ్
చీలినా తీర్పు తీర్పే.

మూడో_జడ్జీ
ఈ మాట గుర్తుపెట్టుకోండి. 1986 రాబోతోంది.

పాతరీలు
హహ. ముందు 1985 రానివ్వండి. సెప్టెంబరు 21. లియాన్ తమ్ముడు మైఖేల్ స్పింక్స్. హోమ్స్ ఇంకొక్కటి గెలిస్తే 49-0, ఓటమి లేకుండా తప్పుకున్న పాత ఛాంపియన్ రాకీ మార్సియానో రికార్డుతో సమానం. మార్సియానో తన 49వది, ఆఖరిది ఆడింది కూడా సెప్టెంబరు 21నే, 1955లో. సరిగ్గా ముప్పై ఏళ్ళు. మార్సియానో కుటుంబం కూడా వచ్చి కూర్చుంది. 15 రౌండ్ల తరువాత 143-142, 143-142, 145-142. ముగ్గురూ స్పింక్స్‌కే. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉంటూ పైకి వచ్చి హెవీవెయిట్ టైటిల్ గెలిచిన మొదటివాడు స్పింక్స్.
ఓటమి ఎవరికైనా వస్తుంది. ఆ తరువాత హోమ్స్ నోరు జారాడు. మార్సియానో తన లంగోటా మోయడానికి కూడా పనికిరాడన్నాడు. చనిపోయి పదహారేళ్ళయిన మనిషి గురించి, అతడి వాళ్ళ ఎదుటే. తరువాత క్షమాపణ చెప్పాడు, కానీ ఏడేళ్ళ ఆట ఒకవైపు, ఆ ఒక్క వాక్యం ఒకవైపు తూగాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు.

రాత్రిపక్షి
ఆ మాట తప్పే. కానీ ఏడేళ్ళపాటు ‘నువ్వు అలీవి కావు’ అని, ఆఖర్న ‘నువ్వు మార్సియానోవి కావు’ అని వింటే ఎవరి నోరైనా జారుతుంది. ఆ ఇద్దరిలో ఎవరూ కానివాడికి తన పేరు తనకు ఉండనివ్వలేదు.

నీలిమూల
మా అక్క క్లాసులో ఎప్పుడూ ఫస్టు. రెండేళ్ళ తరువాత అదే బడిలో నేను. హోమ్స్ బాధ నాకు బాక్సింగ్ తెలియకముందే తెలుసు.

కొత్తప్రేక్షకుడు
1986లో ఏమైంది?

ఎడమచేతి_జాబ్
ఏప్రిల్‌లో స్పింక్స్‌తో మళ్ళీ ఆడాడు. ఈసారి హోమ్స్ గెలిచాడని చూసినవాళ్ళలో చాలామంది అంటారు, నేనూ అంటాను. జడ్జీలు చీలిపోయి స్పింక్స్‌కు ఇచ్చారు. దోపిడీ.

తెల్లతువ్వాలు
చీలినా తీర్పు తీర్పే.

మూడో_జడ్జీ
చెప్పానా!

ఎడమచేతి_జాబ్
నా బాణం నాకే తగిలింది. సరే, ఇద్దరమూ రాసుకుందాం. విదర్‌స్పూన్, విలియమ్స్‌లలో ఒకటి హోమ్స్ ఖాతాలోంచి తీసేయండి, స్పింక్స్ రెండోది చేర్చండి. లెక్క ఎక్కడిది అక్కడే ఉంటుంది.

స్కోరుపుస్తకం
అలా లెక్క కుదరదు.

పాతరీలు
విస్తళ్ళు మళ్ళీ వచ్చాయి.

గంటకొట్టు
టైసన్ పోటీ గురించి కొత్తప్రేక్షకుడు గారికి ఒక మాట. 1988 జనవరి, అట్లాంటిక్ సిటీ. హోమ్స్‌కు 38. ఇరవై ఒక్క నెలలు ఖాళీగా ఉండి వచ్చాడు. టైసన్‌కు 21 ఏళ్ళు, ఒంట్లో ఉరుము. నాలుగో రౌండులో హోమ్స్ మూడుసార్లు పడిపోయాడు. మొత్తం 75 పోటీల జీవితంలో హోమ్స్‌ను గడువుకు ముందే ఆపగలిగినది టైసన్ ఒక్కడే. మిగతా ఐదు ఓటములూ పాయింట్ల మీదే. అది చూసి హోమ్స్‌కు విలువ కడితే, ఎండిన చెరువు చూసి లోతు చెప్పినట్లు.

రాత్రిపక్షి
ఇంకా ఉంది. కథ అక్కడ ముగిసిందనుకుంటారు చాలామంది. 1992 ఫిబ్రవరిలో, 42 ఏళ్ళ వయసులో, ఓటమి ఎరగని రే మెర్సర్‌ను 12 రౌండ్లు ఆడించి ఓడించాడు. మెర్సర్ ఒలింపిక్ స్వర్ణ విజేత, రాయి లాంటి మనిషి. ఆ రాత్రి హోమ్స్ మూలకు ఆనుకుని, ‘రా రా’ అని పిలిచి మరీ కుడిచేత్తో కొట్టాడు. కాళ్ళు పోయాయి, బుద్ధి మాత్రం మిగిలింది. తరువాత అప్పటి ఛాంపియన్ హోలీఫీల్డ్ మీద ఓడినా 12 రౌండ్లూ నిలబడ్డాడు. 1995లో ఆలివర్ మెకాల్ మీద, 45 ఏళ్ళకు, కొద్ది తేడాతో ఓడాడు. ఆ మెకాల్ అంతకు ఏడు నెలల ముందు లెనాక్స్ లూయిస్‌ను రెండో రౌండులో పడగొట్టినవాడు.
తెల్లతువ్వాలు గారూ, మీరు అడిగిన తెరిచిన తలుపు ఇదే. కాకపోతే ఆలస్యంగా తెరిచాడు.

తెల్లతువ్వాలు
మెర్సర్ పోటీ నేను చూడలేదు. నిజంగా. చూసి వస్తాను.

మూడో_జడ్జీ
ఆఖరి పోటీ 2002లో బటర్‌బీన్‌తో అని కూడా చెప్పండి. 52 ఏళ్ళకు, ఒక పీపా లాంటి మనిషి చుట్టూ పది రౌండ్లు తిరిగి గెలిచాడు. 1991లో బెర్బిక్‌తో వీధిలో గొడవ జరిగితే ఆగి ఉన్న కారు పైకెక్కి అతడి మీదికి దూకిందీ ఈయనే. కార్లు కడగడంతో మొదలుపెట్టినవాడు కారు మీదనుంచి దూకే దాకా ఎదిగాడు.

పాతరీలు
నవ్వు ఆగడం లేదు. కానీ డబ్బు విషయంలో మాత్రం వాళ్ళందరికన్నా తెలివైనవాడు. సంపాదన తీసుకెళ్ళి ఈస్టన్‌లోనే స్థలాలు, భవనాలు కొన్నాడు. అక్కడ అతడి పేరుతో ఒక రోడ్డు ఉంది, 2015లో విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం ఏ భంగిమలో ఉంటుందో వేరే చెప్పాలా? ఎడమచెయ్యి చాపి.

తెల్లతువ్వాలు
మెర్సర్ పోటీ చూశాను. రెండుసార్లు.
మొదటి ఐదుగురిలో పెట్టను. లూయీ, అలీ ముందు, ఆ తరువాత ఫోర్‌మన్, హోలీఫీల్డ్, లెనాక్స్ లూయిస్. ముగ్గురూ తమ కాలపు పెద్దవాళ్ళందరినీ ఎదుర్కొన్నారు. హోమ్స్ ఆరోవాడు. నిన్నటిదాకా నా లెక్కలో పదకొండు.

ఎడమచేతి_జాబ్
ఒక్క రాత్రిలో ఐదు మెట్లు! ఫోర్‌మన్‌ను కిందికి దించడానికి రేపు మళ్ళీ వస్తాను.

కొత్తప్రేక్షకుడు
నేను ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలి? షేవర్స్‌దా, మెర్సర్‌దా?

నీలిమూల
నార్టన్. 14 రౌండ్లు అయ్యాక ముగ్గురు జడ్జీల దగ్గరా సరిసమానం. పదిహేనో రౌండులో జాబ్ పక్కన పెట్టి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్నారు. ఆ మూడు నిమిషాల కోసం మిగతా నలభై రెండు నిమిషాలు చూడండి, ముందుకు జరపకండి.

కొత్తప్రేక్షకుడు
పెట్టాను. తొమ్మిదో రౌండులో ఉన్నాను. నార్టన్ పుంజుకుంటున్నాడు. ఎవరు గెలుస్తారో దయచేసి ఎవరూ చెప్పకండి.

మూడో_జడ్జీ
మొదటి పోస్టు మళ్ళీ చదవకండి, అంతే.